64 మందికి ఒక కౌంటీ: టెక్సాస్ ఎడారిలో లవింగ్ ఎలా పుట్టింది?

డల్లాస్ నుంచి కార్ల్స్‌బాడ్ గుహలు చూడడానికి కారేసుకుని వెళ్ళే తెలుగువాళ్ళకు ఒడెస్సా దాటాక రెండు దారులు. ఒకటి పేకోస్ ఊరి మీదుగా, రెండోది కెర్మిట్ మీదుగా పోయే 302 నంబరు రోడ్డు. రెండోది పట్టుకుంటే మధ్యలో మెంటోన్ వస్తుంది. పసుపు ఇటుకల రెండంతస్తుల కోర్టు, ఒక పోస్టాఫీసు, పాత చెక్క చర్చి, కొన్ని ట్రైలర్ ఇళ్ళు, రోడ్డు నిండా ముడిచమురూ ఇసుకా ఉప్పునీళ్ళూ మోసే లారీలు. వెనక సీట్లో పిల్లలు "నాన్నా, ఊరొచ్చిందా?" అని అడిగేలోపు ఊరు అయిపోతుంది.

ఆ ఊరు ఒక కౌంటీకి కేంద్రం. పేరు లవింగ్ కౌంటీ. కౌంటీ మొత్తం మీద ఊరంటూ ఉన్నది అదొక్కటే. 2020 జనగణనలో కౌంటీ జనాభా 64. అమెరికాలో 3,100కు పైగా కౌంటీలున్నాయి, ఇంతకంటే తక్కువ మంది ఉన్నది ఇంకోటి లేదు. ఆఖరి నుంచి రెండోదైన హవాయిలోని కలవావోలో కూడా 82 మంది ఉన్నారు. విస్తీర్ణం మాత్రం 677 చదరపు మైళ్ళు. అంటే పాత జీహెచ్‌ఎంసీ హద్దులకు రెండున్నర రెట్ల పైమాటే. తలా ఒక్కంటికి పది చదరపు మైళ్ళు పడుతుంది.

హైదరాబాదులో ఒక మామూలు అపార్టుమెంటు బ్లాకులో ఇంతకంటే ఎక్కువమంది ఉంటారు. మరి వీళ్ళకు ఒక కోర్టు, షెరీఫ్ అనే పోలీసు అధికారి, ఖజానా, ఎన్నికలు ఎందుకు? సమాధానం కోసం జనాన్ని లెక్కపెడుతూ కూర్చుంటే దొరకదు. ఈ కౌంటీని గీసింది నేల కోసం. రెండుసార్లు నిలబెట్టిందీ నేల మీదో, నేల కిందో ఉన్నదాని కోసమే. జనం ఎప్పుడూ తర్వాతి సంగతే.

కౌంటీని జిల్లా అనుకుంటేనే చిక్కు

మనం కౌంటీని జిల్లా అని అనువదించేసుకుంటాం. పటంలో చూస్తే అలాగే కనిపిస్తుంది, పనిలోకి దిగితే తేడా తెలుస్తుంది. మన జిల్లా పైనుంచి కిందికి దిగిన వ్యవస్థ. ప్రభుత్వం కలెక్టరును పంపుతుంది, ఎస్పీని పంపుతుంది, రేపు బదిలీ చేస్తుంది. జిల్లాల సంఖ్య కూడా ప్రభుత్వం చేతిలోదే. తెలంగాణలో 10 ఉన్నవి 2019 నాటికి 33 అయ్యాయి, ఆంధ్రప్రదేశ్‌లో 13 ఉన్నవి 2022లో 26 అయ్యాయి.

టెక్సాస్ కౌంటీలో పైనుంచి వచ్చే కలెక్టర్ ఉండడు. కౌంటీ జడ్జి అని ఒకాయన ఉంటాడు. పేరుకు జడ్జి, చేసేది ఎక్కువగా పాలన, లాయరై ఉండాలన్న నియమం కూడా లేదు. ఆయనతోపాటు నలుగురు కమిషనర్లు. ఈ ఐదుగురూ కలిసి బడ్జెట్టు వేస్తారు, పన్ను రేటు తేలుస్తారు, రోడ్లు చూసుకుంటారు. షెరీఫును జనమే ఎన్నుకుంటారు. కౌంటీ క్లర్కు అంటే మన సబ్‌రిజిస్ట్రారు, జనన మరణాల రికార్డులు, ఎన్నికల పని, అన్నీ ఒకే కుర్చీలో కూర్చున్నట్టు. ఆ క్లర్కునూ ఎన్నుకుంటారు. ట్రెజరర్, పన్నుల అధికారి, జస్టిస్ ఆఫ్ ది పీస్ అనే చిన్న కోర్టు న్యాయాధికారి, అందరూ ఓట్లతో గెలిచినవాళ్ళే. కాలిన్ కౌంటీలోనో డెంటన్ కౌంటీలోనో ఇల్లు కొనుక్కుని ఏటా ఆస్తి పన్ను కట్టే మనవాళ్ళకు ఈ పేర్లు బిల్లుల మీద కనిపిస్తూనే ఉంటాయి. లక్షల మంది ఉన్న కాలిన్‌కు ఉన్న చట్రమే లవింగ్‌కూ ఉంది. 64 మందిలో చిన్నపిల్లల్ని తీసేస్తే మిగిలే కొద్దిమందిలో పది వరకు ఎన్నికైన పదవులే. ఊరికి మేయరు మాత్రం లేడు. మెంటోన్‌ను పురపాలికగా ఎప్పుడూ నమోదు చెయ్యలేదు.

టెక్సాస్‌లో 254 కౌంటీలున్నాయి, ఏ రాష్ట్రంలోనూ ఇన్ని లేవు. వాటిలో చాలా వాటిని మనుషులు రాకముందే గీశారు. 1876లో ఒక్క చట్టంతో పశ్చిమాన 54 కౌంటీలు పుట్టించారు. అప్పటికి అక్కడ ఉన్నది గడ్డి, గాలి, ఆ నేల నుంచి అప్పుడప్పుడే తరిమేసిన కొమాంచీలనే ఆదివాసుల జ్ఞాపకం.

పేరులో ప్రేమ లేదు

లవింగ్ అనగానే ప్రేమగల కౌంటీ అని నవ్వుకోవడం మామూలే. అది ఇంటిపేరు. ఆలివర్ లవింగ్ పశువుల వ్యాపారి, 1812లో కెంటకీలో పుట్టి టెక్సాస్‌కు వచ్చాడు. అమెరికా అంతర్యుద్ధం ముగిసేసరికి టెక్సాస్‌లో పశువులు లెక్కలేనన్ని, కొనేవాళ్ళు లేరు. న్యూ మెక్సికోలో ఫోర్ట్ సమ్నర్ దగ్గర అమెరికా సైన్యం వేలమంది నవాహో ఆదివాసులను నిర్బంధించి ఉంచింది. వాళ్ళకు తిండి పెట్టాలి, అంటే మాంసం కావాలి. 1866లో లవింగ్, తనకంటే బాగా చిన్నవాడైన చార్లెస్ గుడ్‌నైట్ కలిసి దాదాపు రెండు వేల పశువులను అక్కడికి తోలుకెళ్ళారు. నేరుగా పోతే కొమాంచీల ప్రాంతం. అందుకని దక్షిణంగా చుట్టు తిరిగి, మూడు రోజులపాటు నీటిచుక్క దొరకని మైదానం దాటి పేకోస్ నది చేరుకుని, ఆ నది వెంట ఉత్తరానికి ఎక్కారు. నీళ్ళ వాసన తగిలేసరికి మంద అంతా ఒక్కసారి నది మీద పడిందని, తొక్కిసలాటలో చాలా పశువులు పోయాయని ఆ ప్రయాణం గురించి చెబుతారు.

మరుసటి ఏడు సైన్యం కాంట్రాక్టు కోసం లవింగ్ ఒక్క తోడు మనిషితో ముందుగా బయల్దేరాడు. రాత్రిళ్ళు మాత్రమే ప్రయాణం చెయ్యమని గుడ్‌నైట్ మరీమరీ చెప్పాడు. లవింగ్ పగలూ నడిచాడు. పేకోస్ ఒడ్డున కొమాంచీలు చుట్టుముట్టారు, తుపాకీ దెబ్బలు తగిలాయి. ఎలాగో ఫోర్ట్ సమ్నర్ చేరాడు గానీ గాయం కుళ్ళి 1867 సెప్టెంబరు 25న చనిపోయాడు. సొంత గడ్డలో పాతిపెట్టమన్న కోరిక మేరకు గుడ్‌నైట్ శవాన్ని టెక్సాస్‌లోని వెదర్‌ఫర్డ్‌కు తెప్పించాడు. ఇరవై ఏళ్ళ తర్వాత, 1887లో, ఆ దారి పక్కన ఒక కౌంటీ గీసి ఆయన పేరు పెట్టారు. ఆయన ఇక్కడ ఒక్క ఎకరం దున్నలేదు, ఒక ఇల్లు కట్టలేదు. పశువులతో దాటిపోయాడు, అంతే.

పుట్టడం వేరు, పని మొదలెట్టడం వేరు

చదివేవాళ్ళు ఎక్కువగా తడబడేది ఇక్కడే. లవింగ్ కౌంటీ ఎప్పుడు పుట్టిందంటే 1887 అని ఒకచోట, 1893 అని ఒకచోట, 1931 అని మరోచోట ఉంటుంది. మూడూ నిజమే.

1887లో శాసనసభ దాన్ని టామ్ గ్రీన్ కౌంటీ నుంచి కోసి పటం మీద పెట్టింది. ఆ టామ్ గ్రీన్ అప్పట్లో చిన్న దేశమంత ఉండేది. మిడ్‌లాండ్, ఎక్టర్, వార్డ్, వింక్లర్ కూడా ఆ కడుపులోంచి వచ్చినవే. ఇలా పటం మీద పుట్టిన కౌంటీకి అధికారులు ఉండరు, ఖజానా ఉండదు. పేరు పెట్టారు గానీ ఇంకా నడక రాని బిడ్డలాంటిది. దాని దస్తావేజులూ కోర్టు పనులూ పక్క కౌంటీ చూస్తుంది. లవింగ్‌ను చూసుకున్నది రీవ్స్ కౌంటీ, దాని కేంద్రం పేకోస్. ఆ తర్వాత తగినంత మంది ఓటర్లు అర్జీ పెట్టి, ఎన్నిక జరిపి, అధికారులను ఎన్నుకుంటే అప్పుడు కౌంటీ పనిలోకి వచ్చినట్టు.

ఖాళీ నేలకు ఇంత హడావిడిగా గీతలెందుకు? టెక్సాస్ దగ్గర అప్పట్లో డబ్బు లేదు, నేల ఉంది. రైలు పట్టాలు వేసే కంపెనీలకు రాష్ట్రం నేలనే కూలిగా ఇచ్చింది. చదరంగం బల్లలా మైలుకు మైలు గళ్ళు కొలిచి, ఒక గడి రైలు కంపెనీకి, పక్క గడి బడుల నిధికి అని పంచింది. గళ్ళు కొలిచాక వాటిని నమోదు చెయ్యడానికి, అమ్మడానికి, పన్ను వెయ్యడానికి ఒక చిరునామా కావాలి. ఆ చిరునామాయే కౌంటీ. టెక్సాస్ అండ్ పసిఫిక్ రైల్వే దివాళా తీశాక ఆ కంపెనీ గళ్ళన్నీ 1888లో ఒక భూముల ట్రస్టు చేతికి వెళ్ళాయి. అదే ఇవాళ టెక్సాస్ పసిఫిక్ ల్యాండ్ పేరుతో షేర్ మార్కెట్లో నడుస్తున్న కంపెనీ. చుట్టుపక్కల కౌంటీలతో పాటు లవింగ్‌లోనూ దానికి నేల ఉంది.

ఇక 1893. కొలరాడోలోని డెన్వర్ నుంచి కొంతమంది వచ్చి కాలువ కంపెనీ పెట్టారు. పేకోస్ నీళ్ళు మళ్ళించి ఎడారిని పండిస్తామన్నారు. ఒక ఊరు ప్లాను గీసి మెంటోన్ అని పేరు పెట్టారు. అది ఇప్పటి మెంటోన్ కాదు, దానికి ఉత్తరాన కొన్ని మైళ్ళ దూరంలో ఉండేది. కౌంటీని పనిలోకి తెమ్మని 150 మంది ఓటర్ల పేర్లతో అర్జీ పెట్టారు. జులై 8న ఎన్నిక జరిగింది, 83 ఓట్లు పడినట్టు రాశారు.

ఇప్పుడు జనగణన పుస్తకం తెరవండి. 1890లో లవింగ్ జనాభా 3. అవును, ముగ్గురు. 1900లో 33. మధ్యలో మూడేళ్ళకు 150 మంది ఓటర్లు, అదీ ఆడవాళ్ళకు ఓటు లేని రోజుల్లో, ఎక్కణ్ణుంచి ఊడిపడ్డారు? మన పంచాయతీ ఎన్నికల్లో దొంగ ఓట్ల కథలు విన్నవాళ్ళకు పెద్దగా చెప్పక్కర్లేదు. పనిలోకి వచ్చిన కౌంటీకి పన్ను వేసే హక్కు వస్తుంది, బాండ్లు అమ్మి అప్పు తెచ్చే హక్కు వస్తుంది. పన్ను కట్టాల్సింది ఎక్కడో ఉన్న భూస్వాములు, ఖర్చుపెట్టేది ఇక్కడున్న నలుగురు. కాలువ పనుల్ని పేకోస్ వరద మింగేసింది. గోల రాష్ట్ర రాజధాని దాకా వెళ్ళింది. 1897లో శాసనసభ ఈ కౌంటీ ఏర్పాటును రద్దు చేసి మళ్ళీ రీవ్స్‌కు అంటగట్టింది.

గీతలు మాత్రం చెరపలేదు. పేరు పటం మీద అలాగే ఉంది. ఆ తర్వాత 34 ఏళ్ళు లవింగ్ పేరుకే కౌంటీ.

మధ్యలో నిజమైన మనుషులు కూడా వచ్చారు, వాళ్ళను మరిచిపోకూడదు. బడుల నిధికి కేటాయించిన గళ్ళను రాష్ట్రం చవగ్గా అమ్మితే కొనుక్కుని కుటుంబాలు దిగాయి. 1910కి జనాభా 249 అయింది. ఏడాదికి పది అంగుళాలు పడితే గొప్ప అనుకునే చోటు ఇది. మన అనంతపురంలో పడే వానలో సగం కూడా కాదు. నది నీళ్ళేమో ఉప్పన. కరువు వచ్చింది, 1920కి 82 మంది మిగిలారు. పేకోస్ ఒడ్డున పోర్టర్‌విల్ అనే ఊళ్ళో వాళ్ళు 1910లో ఒక చెక్క చర్చి కట్టుకున్నారు, బడి కూడా అందులోనే. ఊరు పోయాక ఆ కట్టడాన్ని మాత్రం వదిలెయ్యకుండా మెంటోన్‌కు తరలించారు. ఇప్పుడు కౌంటీలో అన్నిటికంటే పాత భవనం అదే.

రెండో పుట్టుక

1921లో ఇక్కడ బోరు వేస్తే చమురు పడింది. పదేళ్ళలో బావులు తవ్వే రిగ్గులు వచ్చాయి, పనివాళ్ళు వచ్చారు, చమురు బావుల దగ్గర రామ్సే అని ఒక ఊరు లేచింది. 1931లో లవింగ్ మళ్ళీ పనిలోకి వచ్చింది. టెక్సాస్‌లో రెండుసార్లు ఏర్పాటైన కౌంటీ ఇదొక్కటే. 254లో చిట్టచివరగా పని మొదలెట్టిందీ ఇదే. కొత్త కేంద్రానికి పాత దొంగ ఊరి పేరే పెట్టుకున్నారు, మెంటోన్ అని. ఆ పేరుకున్న చరిత్ర తెలిసి పెట్టారా, తెలియకనా అని నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. 1935లో కోర్టు కట్టారు.

ఈసారి జనం నిజంగానే ఉన్నారు, కొన్ని వందలమంది. కానీ 1931లో కౌంటీ పెట్టుకోవాలన్న తొందర వెనక కూడా పాత ప్రశ్నే ఉందని నా అభిప్రాయం: ఇక్కడి నేల మీద వచ్చే పన్ను పేకోస్ పెట్టెలో పడాలా, మన పెట్టెలోనా? టెక్సాస్ పద్ధతిలో నేల పైభాగం ఒకరిది, కిందున్న ఖనిజం మరొకరిది కావచ్చు. చమురు పడుతున్న ఖనిజ హక్కుకు ఏటా విలువ కట్టి ఆస్తి పన్ను వేస్తారు, ఇంటికి వేసినట్టే. కౌంటీ ఉంటే ఆ పన్నులో వాటా ఇక్కడే ఉంటుంది.

జనాభా 1940లో 285కు చేరి తర్వాత తగ్గుతూ వచ్చింది. చమురు బావి తవ్వేటప్పుడు యాభైమంది కావాలి, తవ్వాక చూసుకోవడానికి ఒక మనిషి, ఒక ట్రక్కు చాలు. 1972లో బడిలో ఇద్దరే పిల్లలు మిగిలారు. మూసేసి పక్క కౌంటీలోని వింక్ బడిలో కలిపేశారు, ఒక వైపే ముప్పై మైళ్ళకు పైగా బస్సు ప్రయాణం. ఆస్పత్రి లేదు, బ్యాంకు లేదు. తాగే నీళ్ళు చాలాకాలం బయటినుంచి ట్యాంకర్లలో వచ్చేవి. ఆ రోజుల్లో ఇక్కడి షెరీఫ్ ఉద్యోగం ఎలా ఉండేదో చెప్పే ముచ్చట ఒకటుంది. 1945లో ఎడ్నా రీడ్ క్లేటన్ అనే ఆవిడ షెరీఫ్ బాధ్యత తీసుకున్నారు. టెక్సాస్‌లో ఎన్నికల్లో గెలిచిన మొదటి మహిళా షెరీఫ్ ఆవిడే. తుపాకీ పెట్టుకునేవారు కాదట, మొత్తం పదవీకాలంలో అరెస్టు చేసింది ఇద్దర్నేనట.

64 అంటే ఎంతమంది?

2010లలో కథ మళ్ళీ తిరిగింది. నేలకు దాదాపు రెండు మైళ్ళ లోతున పలక రాళ్ళలో ఇరుక్కున్న చమురును, బోరును అడ్డంగా తిప్పి, నీళ్ళూ ఇసుకా ఒత్తిడితో ఎక్కించి బయటికి లాగడం కుదిరింది. ఈ ప్రాంతాన్ని డెలావేర్ బేసిన్ అంటారు, పర్మియన్ అనే పెద్ద చమురు ప్రాంతంలో పశ్చిమ భాగం. లవింగ్ దాని నడిమధ్యలో ఉంది. ఒక పీపా చమురుతోపాటు మూడు నాలుగు పీపాల ఉప్పునీళ్ళు కూడా పైకొస్తాయి. 302 రోడ్డు మీద లారీల రద్దీకి సగం కారణం అదే. రాత్రి పూట ఈ ఎడారిలో పనివాళ్ళ క్యాంపుల దీపాలు, మండే గ్యాసు మంటలు చూస్తే ఇది జనం లేని కౌంటీ అంటే ఎవరూ నమ్మరు.

మరి 64 ఏమిటి? జనగణన మనిషిని మామూలుగా ఉండే ఇంటి దగ్గర లెక్కపెడుతుంది. రెండు వారాలు పని, వారం సెలవు అని తిరిగే రిగ్గు కార్మికుడు శాన్ ఆంటోనియోలోనో లూసియానాలోనో తన ఇంటి లెక్కలోకి వెళ్తాడు. పైగా 2020లో మనుషుల వివరాలు బయటపడకుండా జనగణన శాఖ రాష్ట్రం కంటే చిన్న ప్రాంతాల అంకెల్లో కావాలనే కొద్దిపాటి తేడాలు కలిపింది. కౌంటీ జనాభాలో ఆ తేడా చిన్నదే. లక్షలమంది ఉన్నచోట అది ఎవరికీ కనిపించదు, లవింగ్ లాంటి చోట ఇద్దరు ముగ్గురు అటూఇటూ అయినా కనిపిస్తుంది. కాబట్టి 64ను రాతిమీద చెక్కిన అంకె అనుకోకండి.

అదే ఏడాది నవంబరులో అధ్యక్ష ఎన్నికల్లో ఇక్కడ పడిన ఓట్లు 66. ట్రంప్‌కు 60, బైడెన్‌కు 4. జనాభా కంటే ఓట్లు ఎక్కువ! వెంటనే 1893 గుర్తొస్తుంది గానీ కాస్త ఆగాలి. టెక్సాస్ చట్టం ప్రకారం నివాసమంటే మనిషి తన ఇల్లు అనుకునే చోటు, తాత్కాలికంగా వెళ్ళినా తిరిగి రావాలనుకునే చోటు. హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ ఓటు మాత్రం ఊళ్ళోనే ఉంచుకుని, పోలింగు రోజు బస్సు ఎక్కే మనవాళ్ళను తలచుకోండి. వాళ్ళు ఊరివాళ్ళా, కాదా? లవింగ్‌లో ఈ ప్రశ్న మీదే ఏళ్ళ తరబడి కేసులు నడుస్తున్నాయి, ఎందుకంటే ఇక్కడ పది ఓట్లు అటు తిరిగితే ఖజానా అటు తిరుగుతుంది. ఆ ఖజానా చిన్నది కాదు. ఖనిజ హక్కుల విలువే వందల కోట్ల డాలర్లలో ఉంటుంది. బయటివాళ్ళు కూడా కన్నేశారు. 2000ల మధ్యలో ప్రభుత్వం వీలైనంత తక్కువ ఉండాలనే సిద్ధాంతం గల ఒక బృందం వచ్చి స్థిరపడి ఓట్లతో కౌంటీని చేజిక్కించుకోవాలని చూసింది, షెరీఫ్ అడ్డం తిరిగాడు. 2025లో మరో వ్యక్తి స్థలాలు కొని, వచ్చి ఉండేవాళ్ళకు ఊరికే ఇస్తానన్నాడు. రాష్ట్ర అటార్నీ జనరల్ కోర్టుకెక్కారు.

నలుగురు కమిషనర్లకు నాలుగు వార్డులు కూడా ఉన్నాయి మరి. వార్డుల్లో జనం ఇంచుమించు సమానంగా ఉండాలన్న తీర్పు 1968లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చింది. ఆ కేసు లవింగ్‌కు దాదాపు వంద మైళ్ళ దూరంలోని మిడ్‌లాండ్ కౌంటీదే. అక్కడ ఒక వార్డులో 67,906 మంది, మిగతా మూడింట్లో 852, 414, 828. పట్నం ఓటుకు విలువే లేదని ఒకాయన కోర్టుకెళ్ళి గెలిచాడు. లవింగ్‌లో ఆ సూత్రం పాటించాలంటే వార్డుకు పదహారు మంది. ఒక కుటుంబం ఇల్లు మారితే వార్డు హద్దు మార్చాలి.

ఇంత తిప్పలెందుకు, పక్క కౌంటీలో కలిపేస్తే పోదా? అడగాల్సింది ఎవరు? ఇక్కడివాళ్ళు అడగరు, పన్ను డబ్బు చేతిలో ఉంది. బడి పన్నులో పెద్ద భాగం 1993లో వచ్చిన, జనం రాబిన్ హుడ్ అని పిలిచే చట్టం కింద ఎటూ పేద బడులకు వెళ్తోంది కాబట్టి రాష్ట్రానికీ తొందర లేదు. చమురు కంపెనీలకు కావాల్సింది మెంటోన్ కోర్టులో క్లర్కు గది. బూమ్ రోజుల్లో అక్కడ స్థానికుల కంటే ల్యాండ్‌మెన్ ఎక్కువ కనిపిస్తారు. ఏ గడి కింద ఖనిజం ఎవరిదో దస్తావేజులు తిరగేసి తేల్చడం వాళ్ళ పని. ఒక గడి హక్కును మొదటినుంచీ పట్టుకు రావాలంటే రైలు కంపెనీ పట్టాతో మొదలెట్టాలి, 1893 నాటి నాలుగేళ్ళ కౌంటీ దాటాలి, 1897 నుంచి 1931 దాకా రీవ్స్ కౌంటీలో రాసినవి వెతకాలి, అక్కణ్ణుంచి మళ్ళీ మెంటోన్ పుస్తకాల్లోకి రావాలి.